నాలుగో నంబరు క్యామ్

నాకు ముక్కు మీద కోపం అని మా ఇంటావిడ బుజ్జమ్మ ఊరందరికీ చెబుతుంది. అది కోపం కాదండీ. ముప్పై ఒక్క ఏళ్ళు డీజిల్ ఇంజన్ల మధ్య బతికినవాడికి, రోడ్డు పక్క రేకుల షెడ్డులో స్కూటర్లు విప్పుకునేవాడు వచ్చి ఇంజన్ గురించి పాఠాలు చెబుతుంటే ఒళ్ళు మండదా? నేను రాయపూర్ డీజిల్ షెడ్‌లో సీనియర్ టెక్నీషియన్‌గా రిటైరయ్యాను. సర్వీసంతా బిలాస్‌పూర్ నుంచి అప్‌డౌన్. పొద్దున్నే లోకల్ ఎక్కడం, సాయంత్రం అదే లోకల్లో కిటికీకి తల ఆనించి నిద్రపోతూ తిరిగి రావడం. షెడ్‌లో నన్ను లోడ్‌బాక్స్ కామేశ్వరరావు అనేవారు. ఆ పేరంటే నాకు ఇప్పటికీ గర్వమే.

నా దగ్గర పాత బుల్లెట్ ఉంది. మూడువందల యాభై సీసీ, కుడికాలితో గేర్లు మార్చే రకం. దానికి ఎడమ పక్కన సైడ్‌కార్ తగిలించాను. సోకు కోసం అనుకునేరు, కాదు. ఆరేళ్ళ కిందట బుజ్జమ్మ మోకాలికి ఆపరేషన్ అయింది. అప్పట్నించి ఆ కాలు మడవదు, కర్రలా చాపుకునే ఉండాలి. ఆటో ఎక్కితే కాలు రోడ్డు మీదికి వచ్చేస్తుంది. కారు ఎక్కాలంటే ఇద్దరు పట్టుకుని మూటని తోసినట్టు లోపలికి తొయ్యాలి. ఆవిడకి అది చచ్చేంత నామోషీ. అందుకని సైడ్‌కార్ ముక్కు పొడుగు చేయించి, పక్కన తలుపు కోయించి, పట్టుకోవడానికి ఒక పైపు వెల్డింగ్ పెట్టించాను. పైపు పట్టుకుని తనే కూర్చుంటుంది, కాలు తనే చాపుకుంటుంది, తలుపు తనే వేసుకుంటుంది. ఒకరి చెయ్యి అక్కర్లేదు.

ఆవిడ వెళ్ళేది ఒక్క చోటికే. తెలిపారాలో వాళ్ళ అప్ప, అంటే అక్క, చిన్నతల్లి ఇంటికి. చిన్నతల్లికి డెబ్బై నాలుగు, రెండు కళ్ళూ కనబడవు. చూపు పోయాక గడప దాటడం మానేసింది. ఇంట్లో మాత్రం అడుగులు లెక్కపెట్టుకుంటూ తిరుగుతుంది. ఆ మనిషికి మిగిలిన ఐశ్వర్యం జుట్టు. ఆ వయసులో కూడా నడుము దిగి ఉండేది, తెల్లగా, ఒత్తుగా. ఆదివారం తప్ప రోజూ తొమ్మిదింటికి బుజ్జమ్మ వెళ్ళి, తలకి నూనె రాసి, చిక్కు తీసి, జడ వెయ్యాలి. సరిగ్గా గంట పడుతుంది. చిన్నతల్లి కొడుకు నాగేంద్రది బొగ్గు కంపెనీలో ఉద్యోగం, కోడలు ఉషారాణి స్కూల్లో టీచరు. ఇద్దరూ మంచివాళ్ళే. కానీ చిన్నతల్లి తన తల మీద చెల్లెలి చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడనివ్వదు. చెల్లెలు మాత్రం తక్కువా? పొద్దున లేచిన దగ్గర్నించి గడియారం చూస్తూనే ఉంటుంది.

మా కాలనీ పట్టాలకి ఇటు, తెలిపారా అటు. మధ్యలో ఓవర్‌బ్రిడ్జి. సైడ్‌కార్‌లో మనిషిని కూర్చోబెట్టుకుని ఆ ఎక్కుడు ఎక్కాలంటే నా బుల్లెట్టు రెండో గేరులో ఆయాసపడేది. అయినా ఎక్కేది. కిందటి చలికాలంలో ఇంజన్లోంచి టిక్కు టిక్కుమని చప్పుడు మొదలైంది. విప్పి చూస్తే క్యాములు అరిగిపోయి, గుంటలు పడి ఉన్నాయి.

క్యామ్ అంటే కోడిగుడ్డు ఆకారపు ఉక్కు ముక్క. అది తిరుగుతూ వాల్వుని పైకి లేపుతుంది, మళ్ళీ దింపుతుంది. వాల్వు ఎంత ఎత్తు తెరుచుకోవాలి, ఎంతసేపు తెరుచుకుని ఉండాలి అన్నది దాని ఆకారాన్ని బట్టే ఉంటుంది. నా బండిలో అవి రెండు. ఒకటి పెట్రోలు గాలిని లోపలికి రానివ్వడానికి, ఇంకోటి పొగని బయటికి పంపడానికి. సరే, ఎలాగూ మార్చాలి కదా, కాస్త జోరైనవే వేద్దామనుకున్నాను. ఆ బ్రిడ్జిని మూడో గేరులో ఎక్కి చూపిస్తానని రిటైరైన షెడ్‌వాళ్ళ దగ్గర, టీ కొట్టు ముందు నిలబడి అనేశాను కూడా.

తార్‌బహార్‌లో నూకరాజు కొట్టు ఉంది. మాది చిన్నప్పటి స్నేహం, మా నాన్నలిద్దరూ ఒకే బ్యాచ్ ఖలాసీలు. వాడికి రైల్వేలో ఉద్యోగం రాలేదు, నలభై ఏళ్ళుగా బుల్లెట్లే బాగుచేస్తున్నాడు. వాడి దగ్గర పంజాబ్ నుంచి క్యాములు తెప్పించే కాగితం ఒకటి ఉంది. అందులో నాలుగు నంబర్లు. ఒకటో నంబరు కంపెనీ క్యామ్‌లాంటిదే. రెండోది దానికంటే కొద్దిగా జోరు. మూడు ఇంకా జోరు. నాలుగు పందేలవాళ్ళది. ఒక్కొక్క నంబరు ఎదురుగా, ఇంజన్ ఏ వేగంలో ఎంత బలం ఇస్తుందో వరసగా గళ్ళలో రాసి ఉంది. నేను ఆఖరి గడి చూశాను. నాలుగో నంబరుదే పెద్ద అంకె.

"ఇదే తెప్పించు" అన్నాను.

నూకరాజు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. "ఒరే కామేశం, ఇంజన్ పైనున్న హెడ్డు విప్పి పెద్ద వాల్వులు వేయిస్తావేటి?"

"హెడ్డు ముట్టుకునేది లేదు. కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉండాలి."

"మరి ఇంకేటి? తలుపు చిన్నదే ఉంచీసి, ఎక్కువసేపు తెరిచి పెడితే ఏటి లాభం? మెల్లిగా తిరిగినప్పుడు లోపలికొచ్చినోళ్ళు మళ్ళీ అదే తలుపులోంచి బయటికి పోతారు. పైగా కంపెనీ స్ప్రింగులు అంత ఎత్తు తట్టుకోవు. రెండో నంబరు తెప్పించుకో, హాయిగా ఉంటాది."

"ఆఖరి గడి చూడు. రెండో నంబరుకి ఎంతుంది, నాలుగో నంబరుకి ఎంతుంది?"

"ఆఖరి గడి నీకెందుకురా? నువ్వు ఆ బ్రిడ్జి ఎక్కేటప్పుడు ఇంజన్ మొదటి గడిలోనే ఉంటాది."

"అచ్ఛా! ముప్పై ఒక్క ఏళ్ళు లోడ్‌బాక్స్ మీద చేసినవాడికి నువ్వు చెబుతున్నావా? నువ్వు ఎప్పుడైనా రెండువేల ఆరువందల గుర్రాల ఇంజన్ చూశావా?"

వాడు కళ్ళజోడు మళ్ళీ కిందికి దించుకున్నాడు. ఆర్డరు రాసుకున్నాడు. బిగించడం మాత్రం నీ చేత్తో నువ్వే చేసుకో అన్నాడు. అలాగే అన్నాను, నాకేం చేతకాదా?

లోడ్‌బాక్స్ సంగతి ఇప్పుడు చెప్పాలి. షెడ్‌లో ఇంజన్ బాగుచేశాక రైలుకి తగిలించకుండానే పరీక్షిస్తారు. లోకో నిలబడే ఉంటుంది. అది తయారుచేసే కరెంటుని ఒక పెద్ద పెట్టెలోకి పంపి మండించి, ఒక్కొక్క నాచ్‌లో ఎంత బలం వస్తోందో కొలుస్తారు. నాచ్ అంటే ఇంజన్ జోరు పెంచే మీటకి ఒక మెట్టు. ఎనిమిది నాచ్‌లూ కొలిచి రాసేవాణ్ణి. కానీ మా ఇంజనీరు సంతకం పెట్టేది ఎనిమిదో నాచ్ అంకె చూసే. అది సరిగా ఉందంటే ఇంజన్ పాసయినట్టే. అది తప్పు కూడా కాదు. ఎందుకంటే డీజిల్ లోకోలో ఇంజన్ చక్రాన్ని ముట్టుకోదు. ఇంజన్ కరెంటు చేస్తుంది, చక్రాలని మోటార్లు తిప్పుతాయి. వెనకాల బొగ్గు వ్యాగన్ల వరస తాబేలులా కదులుతున్నా, ముందు ఇంజన్ ఎనిమిదో నాచ్‌లో నిండు వేగంతో తిరగొచ్చు. ఎంత బరువైన బండి లాగాలన్నా పై అంకె బాగుంటే చాలు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ మాట నా నెత్తురులో ఇంకిపోయింది. బుల్లెట్టులో మోటార్లు లేవనీ, ఇంజనే గొలుసుతో చక్రాన్ని లాగాలనీ, చక్రం మెల్లిగా తిరిగితే ఇంజన్ కూడా మెల్లిగానే తిరుగుతుందనీ నాకు తెలియదా? చిన్నపిల్లాడికి కూడా తెలుసు. కానీ కాగితం ముందు పెడితే కన్ను తిన్నగా ఆఖరి గడికే పోయింది.

నాలుగో నంబరు క్యాములు వచ్చాయి. మా పెరట్లో గోనె పరుచుకుని నేనే బిగించాను. అరిగినవి పాత ఇనప సామాన్లు కొనే కబాడీవాడికి పడేశాను. ఇంజన్ స్టార్ట్ చేస్తే, అబ్బో, ఏం గర్జన! నిలకడగా లేదు, ఎగిరెగిరి పడుతోంది. పందెం ఇంజన్ అలాగే ఉంటుంది కదా అనుకున్నాను. మధ్యాహ్నం ఖాళీ సైడ్‌కార్‌తో మస్తూరీ రోడ్డు మీదికి తీసుకెళ్ళాను. కోతలైపోయిన పొలాలు, ఖాళీ రోడ్డు. మూడో గేరులో పెట్టి యాక్సిలరేటర్ పిడి పూర్తిగా తిప్పితే బండి ముందుకి దూకింది. గాలికి కళ్ళమ్మట నీళ్ళు. అరవై తొమ్మిదేళ్ళవాణ్ణి, ఒక్కణ్ణే రోడ్డు మీద ఈల వేశానంటే మీరు నమ్మాలి. ఇంటికొచ్చి బుజ్జమ్మతో చెప్పాను, రేపు మీ అప్ప దగ్గరికి విమానంలో తీసుకెళ్తానని.

"విమానం వద్దు, పొద్దున్నే తొమ్మిదింటికి చేర్చండి చాలు" అంది.

మర్నాడు బ్రిడ్జి దగ్గర వాహనాలు కిక్కిరిసి ఉన్నాయి. ముందు ఇటుకల ట్రాక్టరు. దాని వెనకాల నడక వేగంతో ఎక్కాలి. రెండో గేరులో ఇంజన్ దగ్గింది. మొదటి గేరుకి దింపాను. ఇంకా దగ్గింది. పిడి తిప్పితే బలం రావడం పోయి, ఊపిరాడనట్టు గుక్కలు మింగింది. సగం ఎక్కుడులో ఆగిపోయింది. బ్రేకు పట్టుకుని కిక్ కొడదామంటే బండి వెనక్కి జారుతోంది. వెనకాల హారన్లు. "చాచా, గాడీ సైడ్ మే లో!" అని, బండి పక్కకి తియ్యమని ఒకడి కేక. చివరికి నలుగురు దిగి వచ్చి తోశారు. ఒకడు సైడ్‌కార్ తలుపు పట్టుకుని, "అమ్మాజీ దిగితే తేలికవుతుంది" అన్నాడు హిందీలో. ఆ ఏటవాలులో, ఆ కాలుతో దిగడం ఆవిడ వల్ల కాదని వాడికేం తెలుసు? ఇంకొకడు ఆవిడ భుజం కింద చెయ్యి వేసి లేపబోయాడు. బుజ్జమ్మ పైట సర్దుకుని, పైపు గట్టిగా పట్టుకుని కూర్చుంది. మొహం నల్లబడిపోయింది.

ఇంజన్ ఆగిన ఆ క్షణంలోనే నాకు తెలిసిపోయింది, ఇది క్యామ్ పని అని. తెలియడం వేరు, ఒప్పుకోవడం వేరు.

"ఇంటికి తీసుకుపోండి" అంది బుజ్జమ్మ. ఎక్కుడు దిగి వెనక్కి వచ్చేశాం. ఇంట్లో కర్ర గోడకి ఆనించి, నెమ్మదిగా చెప్పింది. "ఇంక నేను ఆ బండి ఎక్కను. నడిరోడ్డు మీద నన్ను ఎవడు పడితే ఆడు ముట్టుకున్నాడు."

"కార్బురేటర్లో చెత్త అడ్డుపడింది. ఒక్క పూటలో సరిచేస్తాను" అన్నాను.

ఒక్క పూట కాదు, పన్నెండు రోజులు. కార్బురేటర్ విప్పాను, కడిగాను, మళ్ళీ బిగించాను. దాని మూతి దగ్గర ఎప్పుడు చూసినా పెట్రోలు తడి. లోపలికి పోయిన గాలి పెట్రోలుతో సహా తిరిగి బయటికి తన్నుతోందని ఆ తడే చెబుతోంది. నేను వినలేదు. ఫ్లోటు మార్చాను, ప్లగ్గు మార్చాను, టైమింగు అటూ ఇటూ జరిపాను. నూకరాజు రెండుసార్లు ఫోన్ చేశాడు, ఎలాగుందిరా అని. ఏం, బ్రహ్మాండంగా ఉంది అన్నాను. ఛీ, నా మొహం.

ఆ పన్నెండు రోజులూ బుజ్జమ్మ రోజూ తొమ్మిదింటికి అప్పకి ఫోన్ చేసేది. చిన్నతల్లి బాగానే ఉన్నాను అనేది, ఈవిడ కూడా బాగానే ఉన్నాను అనేది, ఎందుకు రావడం లేదో మాత్రం దాటేసేది. నాగేంద్ర కారు తెస్తానంటే ఈవిడే వద్దంది. ఫోన్ పెట్టేశాక చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది, నేనూ రెండు అరిచేవాణ్ణి. పన్నెండో రోజు మధ్యాహ్నం చూద్దును కదా, ఆవిడ నట్టింట్లో కూర్చుని ఖాళీ దువ్వెన పళ్ళు గుడ్డతో తుడుస్తోంది. దువ్వెన శుభ్రంగానే ఉంది. చెప్పులేసుకుని తార్‌బహార్ వెళ్ళాను.

నూకరాజు టీ తాగుతున్నాడు. నేను ఎదురుగా స్టూలు మీద కూర్చుని, నేల చూస్తూ, "రెండో నంబరు తెప్పించు" అన్నాను.

వాడు నవ్వుతాడని సిద్ధంగానే వచ్చాను. నవ్వలేదు. బల్ల సొరుగు లాగి, నూనె గుడ్డలో చుట్టిన క్యాముల జత తీసి ముందు పెట్టాడు. "ఆ రోజే రెండు రకాలూ తెప్పించినాను. వస్తావని తెలుసు. ఇంత లేటవుతాదనుకోలేదు."

"అరే, మరి చెప్పొచ్చు కదరా!"

"చెప్పితే విన్నావేటి?" అని వాడు నాలుగో నంబరునీ రెండో నంబరునీ మనసులోనే పక్కపక్కన పెట్టి చూడమన్నాడు. "చూడు. నాలుగోది లోపలి వాల్వుని ఆలస్యంగా మూస్తాది. ఇంజన్ జోరుగా తిరిగితే గాలికి ఊపు ఉంటాది, లోపలికి దూసుకొస్తానే ఉంటాది. అప్పుడు లాభమే. అది కూడా హెడ్డు పెద్దదైతే. మెల్లిగా తిరిగితే గాలికి ఊపేటి? పిస్టన్ పైకొచ్చి దాన్ని వెనక్కి తోసీస్తాది. రెండోది తొందరగా మూస్తాది. వచ్చింది లోపలే ఉంటాది. కంపెనీ హెడ్డుకి, సైడ్‌కార్‌కి, ఎక్కుడుకి ఇంతకి మించి అక్కర్లేదు. బస్."

సాయంత్రానికల్లా ఇద్దరం కలిసి బిగించాం. ఈసారి మస్తూరీ రోడ్డు వద్దన్నాడు నూకరాజు. సైడ్‌కార్‌లో ఇసక మూటలు వేద్దామన్నాడు.

"మా చెల్లెమ్మ బరువెంత?"

"అరవై" అన్నాను.

"ఇంకో పదిహేను వెయ్యి, అబద్ధాలాడకు."

ఇసక మూటలతో బ్రిడ్జి ఎక్కాం. రెండో గేరులో, నిమ్మళంగా, దగ్గు లేకుండా. సగంలో వాడు ఆపమన్నాడు. ఆపాను. మళ్ళీ లాగించమన్నాడు. క్లచ్ వదిలితే బండి గొణుక్కోకుండా కదిలింది. అలా అయిదుసార్లు చేశాం. మూడో గేరు మాట నేను ఎత్తలేదు, వాడూ అడగలేదు. ఇంటికి వెళ్ళి బుజ్జమ్మతో చెప్పాను, ఇసక మూటలతో అయిదుసార్లు ఎక్కించానని, అయిదుసార్లూ నడిమధ్యలో ఆపి లాగించానని.

"రేపు ఆగిపోతే?"

"ఆగితే ఆ బండిని కబాడీవాడికి ఇచ్చేస్తాను. నా మీద ఒట్టు."

మర్నాడు ఆవిడ సైడ్‌కార్ ఎక్కింది. బ్రిడ్జి మీద ఆటోల వెనకాల నడక వేగంతో ఎక్కుతున్నప్పుడు ఆవిడ పైపుని రెండు చేతులా పట్టుకుంది. దిగుడు వచ్చాక ఒక చెయ్యి వదిలింది. తెలిపారా మలుపు తిరిగేసరికి వాళ్ళ అప్పకి చెప్పాల్సిన కబుర్లన్నీ నాతో చెప్పేస్తోంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

చిన్నతల్లి వసారాలో కుర్చీలో కూర్చుని ఉంది. ఆవిడ తల చూసి నేను మెట్టు మీదే ఆగిపోయాను. జుట్టు చెవుల దాకా కత్తిరించి ఉంది.

బుజ్జమ్మ కర్ర పట్టుకుని ఎదురుగా నిలబడింది. "ఎవులు కత్తిరించినారు అప్పా?"

"వచ్చినావా!" అని చిన్నతల్లి గాలిలో చెయ్యి చాపింది. "ఉషారాణే కత్తిరించింది. దాన్నేటనకు. నువ్వు రాలేదు గదా, పీటముళ్ళు పడిపోనాయి. దాన్ని ముట్టుకోనిచ్చినానా ముందు? తరవాత పాపం ఇస్కూలుకి సెలవెట్టీసి రెండు పూటలు కూకుంది. నొప్పికి నాకు ఏడుపొచ్చీసింది. నానే తీసీయమన్నాను. తల తేలిగ్గా ఉన్నాదిలే. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదే?"

బుజ్జమ్మ నా వైపు చూడలేదు. "మోకాలు నొప్పి అప్పా. లెగలేకపోయినాను" అంది.

నలభై మూడేళ్ళ కాపురంలో ఆవిడ వాళ్ళ అప్పతో అబద్ధం ఆడగా నేను వినలేదు. నా పరువు కోసం ఆడింది. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

"మోకాలు కాదు వదినా" అన్నాను. "తప్పు నాది. నూకరాజు వద్దన్నా వినకుండా పందెం క్యామ్ వేసి బండి పాడుచేశాను. ఎక్కుడు మీద ఆగిపోయింది. పన్నెండు రోజులు కార్బురేటర్ వంక పెట్టుకుని తిరిగాను."

చిన్నతల్లి మొహం నా గొంతు వైపు తిప్పింది. "అది క్యామ్ వల్లేనని నీకు ఎప్పుడు తెలిసింది నాయినా?"

అబద్ధం చెప్పొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా.

"మొదటి రోజే" అన్నాను.

"మరి ఆ రోజే చెప్పీవలసింది గదా" అంది ఆవిడ, కోపం లేకుండానే.

బుజ్జమ్మ ఎప్పటిలాగే కుర్చీ వెనకాల ఎత్తు బల్ల మీద కూర్చుని, కాలు చాపుకుని, అరచేతిలో నూనె పోసుకుంది. పావుగంట కూడా పట్టని ఆ తలకి ఆవిడ ఆ రోజు గంటసేపు నూనె రాసింది.